తెర అవతలి కాలు

సైలోసి ఊళ్ళో దిగి పన్నెండు రోజులైందనీ, ఈ పన్నెండు రోజుల్లో నాంద్రికిలో ఉన్న ప్రతి పుండూ చూశాడు గానీ సొంత అక్క కాలి పుండు మాత్రం చూడలేదనీ తరాయిసి అందట. కొళాయి దగ్గర అందట. అక్కడన్న మాట చర్చి మెట్లదాకా రావడానికి బకెట్ నిండేంత సేపు చాలు. తమ్ముడు అక్క కాలు చూడకూడదని తరాయిసికి తెలియదా అంటే, నిక్షేపంగా తెలుసు. తెలిసే అంది. ఆమెకు అన్నదమ్ములు లేరు. లేని పన్ను నొప్పి పెట్టదు.

ఈ మాట మోసుకొచ్చిన ముసలాయన కాలు అప్పుడు సైలోసి ఒళ్ళోనే ఉంది. బొటనవేలి గోరు మాంసంలోకి దిగి చీము పట్టింది. పినతండ్రి కొడుకు ఇంటి అరుగు మీద పొద్దు పొడిచేసరికే పదిమంది వరస కట్టి కూర్చున్నారు. పక్కన ఉప్పు వేసి కాచిన నీళ్ళు, చింపిన గుడ్డపేలికలు, ఊదారంగు మందు సీసా. సైలోసి విన్నట్టు కనిపించలేదు. గోరు కింద కత్తెర మొన దూర్చి, "ఊపిరి బిగపట్టండి తాతా" అని ఒక్క లాగు లాగాడు. ముసలాయన చచ్చిపోయిన తల్లిని పిలిచాడు. తరాయిసి సంగతి మరిచిపోయాడు.

అక్క కాలికి ఏదో గీసుకుందని సైలోసి వచ్చిన రోజే విన్నాడు. ఏమిటని అడగలేదు. అడగకూడదు.

అతనికి యాభై ఆరేళ్ళు. మా దీవి మగవాళ్ళకుండే భుజాలు అతనికీ ఉండేవి, పాపువాకు వెళ్ళేటప్పుడు. ఇరవై నాలుగేళ్ళ మలేరియా వాటిని చొక్కా తగిలించే కొయ్యముక్కలా చేసింది. కళ్ళలో తెల్లగుడ్డు పాత పుస్తకం కాగితంలా పసుపుపచ్చగా ఉంటుంది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంటాయి, గోళ్ళ అంచులకు ఊదారంగు పట్టి పోదు. ముక్కు మాత్రం పెద్దది, నిటారైనది. అతని ఉద్యోగమంతా ఆ ముక్కుతోనే. పాపువాలో కిమారె అనే బురద నది ఒడ్డున మిషను వారి మందులకొట్టు ఉంది. దానికతను కాంపౌండరు. కట్టు విప్పకుండానే, లోపలి పుండు ఎన్నాళ్ళదో, మానేదో మాననిదో వాసనను బట్టి చెబుతాడు. మిషనరీ అంటే అడవి మనుషులకు వాక్యం చెప్పి మార్చినవాడని మా ఊరి వాళ్ళనుకుంటారు. సైలోసి ఎవర్నీ మార్చలేదు. అతను వెళ్ళేటప్పటికే వాళ్ళందరూ మారి కూర్చున్నారు. కాళ్ళు మాత్రం కుళ్ళుతున్నాయి. అతను కాళ్ళు కడిగాడు. పొద్దున అరవై కాళ్ళు, మధ్యాహ్నం పళ్ళు పీకడం, సాయంత్రం పడవ మోటారు బాగుచెయ్యడం, ఆదివారం పాదిరి లేకపోతే ప్రసంగం. అలా వారం తరవాత వారం, ఇరవై నాలుగేళ్ళు.

మధ్యలో తల్లి పోయింది. అప్పుడక్కడ తట్టు వచ్చి పిల్లలు పోతున్నారు. కదలలేకపోయాడు. తండ్రి పోయాడు. అప్పుడు వరద. పెద్దన్న పోయాడు, నడిపన్న పోయాడు. ఒకసారి విమానం లేదు, ఒకసారి బదులు మనిషి లేడు. భార్య లొసెనా అక్కడే పోయింది, ఆమె సమాధికి మాత్రం అతను ఉన్నాడు. మర్నాడు పొద్దున అరవై కాళ్ళకీ ఉన్నాడు. ఈసారి సెలవు దొరికి వచ్చిన మొదటి రోజే మా ఆచారం ప్రకారం చావింటికి ఇచ్చే తిమింగలం పన్ను చేత్తో పట్టుకుని, నాలుగు చావులకూ నాలుగిళ్ళలో కూర్చుని ఏడ్చాడు. కొట్టు మూసేలోపు సరుకులన్నీ తీసుకోవాలన్నట్టు ఏడ్చాడని ఊళ్ళో అనుకున్నారు. తప్పేం కాదు. నాలుగో ఇంట్లో అతను చేతి గడియారం చూసుకున్నాడు.

ఎందుకంటే ఆ సాయంత్రమే స్త్రీల సమాజం ఉంది. పాదిరిగారు అతని సెలవుకు పట్టిక రాసి ఉంచారు. ఏడూళ్ళు, రెండు బడులు, యువజనులు, గాయకులు. ప్రతిచోటా అడిగిందే అడిగారు. "అక్కడి వాళ్ళెలా ఉంటారండీ?" అని. "పాదాలు మనకన్నా వెడల్పు," అని చెప్పాడు. నవ్వారు. అతను నవ్వించడానికి అనలేదు. అలా పదకొండు రోజులు పోయాయి. ఇవాళ మూడింటికి ఓడ.

పదిమందిలో తొమ్మిదో మనిషి లేచి వెళ్తూండగా, అరుగు మీద నీడ పడింది. పౌలియాసి. అక్క మొగుడు. కొబ్బరిబోండం లాంటి తల, దానికి తగ్గ పొట్ట, ఎప్పుడూ నవ్వే నోరు.

"ఏం బామ్మర్దీ, ఇవాళతో పీడ విరగడైనట్టేనా? మా పందులు బతికాయిరా. నువ్వొచ్చిన దగ్గర్నుంచీ విందుకొకటి చచ్చింది."

"నీలాంటి పెద్ద పంది ఇంకా మిగిలింది కద బావా," అన్నాడు సైలోసి, తల ఎత్తకుండానే. బావా బామ్మర్దీ ఎంత తిట్టుకుంటే అంత మర్యాద మాకు.

"ఆ ఊదా మందు కాస్త పొయ్యి. మీ అక్కకి చిన్న గీత. అంతే. చిన్నదే."

పౌలియాసి భుజం మీద ఒక తువ్వాలుంది. దేన్నో తుడిచి అలాగే వేసుకొచ్చాడు. గాలి సముద్రం వైపు నుంచి ఒక్కసారి తిరిగింది. సైలోసి చేతిలోని సీసా సగంలో ఆగింది.

"ఎన్నాళ్ళైంది?"

"ఏది?"

"బావా."

పౌలియాసి నోరు నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం మానేశాయి. "నువ్వొచ్చే ముందు వారం. వలకి వెళ్ళి పగడపు రాయి మీద కాలేసింది. షుగరు మనిషి కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా? అడగలేవు. నేను చెప్పలేను. మనం మర్యాదస్తులంరా." తువ్వాలు భుజం మార్చుకుని అన్నాడు, "మీ వంశం కాళ్ళే అంతరా బామ్మర్దీ. ఒకళ్ళవి వెళ్ళాయంటే తిరిగి రావు. ఇంకొకళ్ళవి ఉన్నచోటే కుళ్ళిపోతాయి."

సైలోసి పదోమనిషిని చూడకుండా లేచాడు. ఇరవై నాలుగేళ్ళలో అలా లేవడం అదే మొదలు.

*

అకెనేత అతనికన్నా పదేళ్ళు పెద్ద. తల్లి రొమ్ము జబ్బుతో మంచం పట్టి కొన్నేళ్ళకు గానీ లేవలేదు; అప్పటికి సైలోసికి ఏడాదిన్నర. అకెనేతే చంకనేసుకుని మోసింది. నమిలి పెట్టింది, కడిగింది, కొట్టింది. అతనికి ఎనిమిదేళ్ళు వచ్చిన రోజున నాయనమ్మ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఇక చాలు. ఇవాళ్టి నుంచి ఇతను నీకు పెద్దమనిషి, ఆమె నీకు పెద్దమనిషి," అంది. అంతే. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. అతను ఆమె ముఖంలోకి చూడలేదు. అది కోపం కాదు. మా దగ్గర తోబుట్టువుకిచ్చే గౌరవం దొరకు కూడా ఉండదు. అన్నం మాత్రం వచ్చేది, ఆకు కప్పి. ఈ పన్నెండు రోజులూ కూడా వచ్చింది. ఎక్కడ విందు తిన్నా సరే, సాయంత్రం పినతండ్రి కొడుకు ఇంటి గడపలో చేమదుంపలూ కొబ్బరిపాలల్లో ఉడికిన చేపా, పైన పనసాకు. ఏ కాలి మీద నిలబడి వండిందో అతనికి ఇప్పుడే తెలిసింది.

పౌలియాసి ఇంట్లో సైలోసి మగవాళ్ళు కూర్చునే పైవైపు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గదికి అడ్డంగా పువ్వుల గుడ్డ తెర. దాని కింద ఒక జానెడు ఖాళీ. అతను ఆ ఖాళీ వైపు చూడకుండా కిటికీ చూశాడు. ముక్కును మాత్రం ఎటు తిప్పినా ఒకటే.

"కట్టు విప్పు బావా. మెల్లిగా. అంటుకుంటే ఉప్పునీళ్ళు పొయ్యి."

తెర వెనక నీళ్ళ చప్పుడు. పౌలియాసి గట్టిగా ఊపిరి తీసి, నోటితో వదిలాడు.

"ఏ రంగు?"

"మీ నాయన పొగాకు గొట్టం లోపలి రంగు."

"సరిగ్గా చెప్పు."

"నలుపు. బొటనవేలూ, దాని పక్కవి రెండూ. పైన ఎర్రగా గీతలా వెళ్ళింది."

"ఎక్కడిదాకా?"

తెర వెనక గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"పిక్కదాకానా?"

"మోకాలు దాటింది," అన్నాడు పౌలియాసి. ఇప్పుడా గొంతులో బావ లేడు.

"నలుపు పక్కన వేలితో నొక్కు. నొప్పి అంటోందా?"

"లేదంటోంది."

"నొక్కినప్పుడు నీ వేలికేం తెలుస్తోంది?"

"ఎండుటాకుల మీద నొక్కినట్టు. లోపలేదో చిటచిట."

సైలోసి కళ్ళు మూసుకున్నాడు. ఇలాంటి కాలు కిమారెలో ఏడాదికి రెండు వస్తాయి. వచ్చిన రోజే రంపం దగ్గరికి పంపితే మనిషి దక్కుతుంది. మర్నాటికి ఎవరూ దక్కలేదు.

"ఇవాళ ఓడకి ఎక్కించు. పట్నం ఆసుపత్రిలో కాలు తీసేస్తారు. మనిషి ఉంటుంది."

అప్పుడు తెర వెనక నుంచి ఆమె మాట్లాడింది. మొగుడితోనే, కానీ గదంతా వినపడేలా. సన్నగా, పొడిగా ఉంది గొంతు.

"ఆ ఓడలో వెళ్ళేవారున్నారు కదా. వారు వెళ్ళనీ. నేను వచ్చే ఓడకి వెళ్తా."

వచ్చే ఓడ రెండు వారాలకి.

ఇదీ ముడి. మా వైపు అక్కాతమ్ముడూ ఒక పడవ ఎక్కరు. పెద్ద ఓడలకైతే అంతస్తులుంటాయి, గదులుంటాయి, ఏదో సర్దుకుంటారు. మా రేవుకు వచ్చే ఫిలిమొని ఓడ కొబ్బరి బస్తాల ఓడ. ఉన్నదొకటే బల్ల, అంటే పైన పరిచిన చెక్క నేల. ఎక్కినవాళ్ళందరూ దానిమీదే కూర్చుంటారు, దానిమీదే వాంతి చేసుకుంటారు. అక్కడ ఆమె బట్ట తొలగిన కాలుతో పడుకోవడం, తమ్ముడు ఆమె తల మీదుగా నడవడం జరిగే పని కాదు. కుర్రవాళ్ళు ఇప్పుడివేవీ పట్టించుకోవడం లేదంటారు. అకెనేతకు అరవై ఆరు.

"రెండు వారాలు ఉండదు," అన్నాడు సైలోసి, కిటికీతో. "రెండు రోజులు కూడా."



"అక్కడ ఆడవాళ్ళ కాళ్ళు కూడా కడుగుతారట కదా," అంది ఆమె, మొగుడితో.

"కడుగుతాను అని చెప్పు బావా. వందలమందివి. అందరూ నాకు అక్కచెల్లెళ్ళలాంటి వాళ్ళేనని చెప్పు."

"లాంటి వాళ్ళు గనకే కడిగారు," అంది.

పౌలియాసి ఈ మాట తెర ఇవతలికి మోసుకురాలేదు. అవసరం లేకపోయింది.

సైలోసి చాలాసేపు తన ఊదారంగు గోళ్ళు చూసుకున్నాడు. తర్వాత, "నేను ఆగిపోతానని చెప్పు. ఆమెను ఎక్కించు. నేను వచ్చే ఓడకు వెళ్తాను," అన్నాడు.

అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అది మాత్రం ఎవరూ కాదనలేరు.

"సరే," అంది తెర.

*

పందుల దొడ్డి దాకా నడిచేసరికి ఆ నిజం పలచబడింది. గురువారం పట్నం నుంచి విమానం. దాన్ని అందుకుంటేనే శనివారం మిషను వారి చిన్న విమానం; అది నెలకు రెండుసార్లు. ఆదివారం బదులు మనిషి వెళ్ళిపోతున్నాడు, అతని పెళ్ళాం పురిటికి. కిమారెలో కట్టు మార్చాల్సిన వాళ్ళు నలభై ముగ్గురు. వాళ్ళ పేర్లు సైలోసికి వరసగా తెలుసు. పొయ్యిలో పడ్డ పసిపిల్ల ఒకతి ఉంది, పేరు ఇరావా. దాని చెయ్యి రోజూ చాచి కట్టకపోతే వంకరగా అతుక్కుపోతుంది.

ఆ పిల్ల చెయ్యి అతనికి కళ్ళకు కట్టినట్టుంది. అక్క కాలు అతను చూడలేదు.

"బావా," అన్నాడు. "ఇద్దరం వెళ్ళే ఉపాయం లేదా?"

పౌలియాసి అప్పటికి మళ్ళీ నవ్వడం మొదలెట్టాడు. భయం వేస్తే అతనికి వచ్చేది అదే. "ఎందుకు లేదు? బస్తాల వెనక పందిలా దూరు. పందికున్నంత బుద్ధుంటే అరవకు."

"ఫిలిమొని ఒప్పుకుంటాడా?"

"తమాషాకన్నానురా!"

"నేను తమాషాకి అడగడం లేదు."

పౌలియాసి పందుల వైపు చూశాడు. కాదంటే పెళ్ళాం ఓడెక్కాక తమ్ముడు ఒడ్డున ఉంటాడు. మంచిదే. కానీ పట్నం ఆసుపత్రిలో మాట్లాడ్డం, కాగితాలు, డాక్టర్లు. సైలోసి పక్కనుంటే ఆ ధైర్యం వేరు. అతనికీ ఆశ పుట్టింది. "ఆమెకు తెలిస్తే చంపేస్తుంది," అన్నాడు.

"తెలిసేటప్పటికి కాలు తీసేసి ఉంటారు. బతికుండి చంపనీ."

రెండున్నరకే సైలోసి ఊరి చివర నుంచి ఒడ్డు వెంట నడిచి, ఎవరూ చూడకుండా రేవు చేరి, ఓడ వెనకవైపు కొబ్బరి బస్తాల సందులో దూరాడు. ఫిలిమొని చూశాడు. బక్కపల్చటి మనిషి, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట. ఏమిటని అడగలేదు. వింత వింత సరుకులు మోసిన ఓడే అది.

ఎండుకొబ్బరి పులిసిన కంపు, ఇంజను నూనె వేడి. పొద్దున నాలుగింటి నుంచీ మేలుకుని ఉన్న ఒళ్ళు. సంచి ఒళ్ళో పెట్టుకుని, తల బస్తాకు ఆనించాడు. ఒడ్డున పౌలియాసి గొంతు వినపడింది, మామూలు కన్నా పెద్దగా. "మెల్లిగా రా! రాణీగారి పల్లకీ ఇది!" ఆరుగురు మగవాళ్ళు ఒక తలుపు ఊడదీసి దానిమీద ఆమెను తెచ్చారు. బల్ల మీద చాప పరిచి, చాప మీదికి దించారు. బల్ల ఆ బరువుకు కొద్దిగా ఒరిగింది. ఆ ఒరుగు సైలోసి వీపుకు తెలిసింది. ఇంజను మొదలైంది. ఆ దడదడలో అతనికి కళ్ళు మూతలు పడ్డాయి.

మా దగ్గర ఏ ఓడా ప్రార్థన లేకుండా రేవు విడవదు. మామూలుగా ఎక్కినవాళ్ళలో ఎవరో ఒక సంఘపెద్ద ఉంటాడు. ఆ రోజు ఎవరూ లేరు. ఫిలిమొని చుట్ట చెవిమీద పెట్టుకుని, టోపీ తీసి, "ఎవరన్నా ఒక మాట చెప్పండయ్యా," అన్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఇరవై నాలుగేళ్ళుగా, అలాంటి నిశ్శబ్దం ఎక్కడ పడినా, అది సైలోసి కోసమే పడేది. సగం నిద్రలో అతని నోరు దానంతటది తెరుచుకుంది.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ నీళ్ళ మీద నీ చెయ్యి చాపు. ఈ ఓడలో ఉన్న నీ బిడ్డలను..."

నాలుగో మాటకు మెలకువ వచ్చింది. అప్పటికి ఇంజను చప్పుడు మీదుగా గొంతు బల్లంతా వ్యాపించింది. వాళ్ళ నాన్న గొంతే అది. చావిడి నుంచి పిలిస్తే చేలల్లో వినపడే గొంతు. ఆపేశాడు. ఇద్దరు ముగ్గురు "ఆమేన్" అన్నారు, ప్రార్థన అయిపోయిందనుకుని.

"దింపండి," అంది అకెనేత.

పౌలియాసి ఆమె పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. "ఒసే, చచ్చిపోతావే."

"దింపండి."

"ఆయన నీ కోసమేనే, అక్కడ డాక్టర్లతో మాట్లాడ్డానికి..."

"ఆగిపోతారని కదా చెప్పావు."

ఫిలిమొని సముద్రం వైపు చూశాడు. పోటు తీసేస్తోంది. పగడపు దిబ్బల మధ్య గండిలో ఇంకాసేపటికి నీళ్ళుండవు. "పది నిమిషాలు," అన్నాడు. "ఆ తర్వాత దేవుడొచ్చినా ఆగను. ఎవరో ఒకళ్ళు దిగండి."

బల్లమీద ఉన్న ఇరవై మందీ బస్తాల వైపు చూశారు.

సైలోసికి చెక్కపలక కనిపిస్తూనే ఉంది. ఓడకీ రేవుకీ మధ్య వేసిన పలక. ఎనిమిది అడుగులు వేస్తే ఒడ్డు. సంచి పట్టీ చేతికి చుట్టుకున్నాడు. లేచాడు కూడా, సగం.

మొండికేసిన రోగులు అతనికి కొత్త కాదు. కాలు తీయించుకోనని ఏడ్చినవాళ్ళూ, కత్తి ఎత్తినవాళ్ళూ. అతనికి తెలిసిన వైద్యం ఒకటే. ఎదురు చెప్పకుండా, కదలకుండా కూర్చోవాలి. పది నిమిషాల్లో ఎంతటి వాళ్ళయినా సరే అంటారు. ప్రాణం తీపి. ఎప్పుడూ పారిన ఉపాయమది. ఆమె కూడా అంటుంది. అంటే ఇద్దరూ వెళ్తారు. గురువారం విమానం అందుతుంది.

అతను మళ్ళీ కూర్చున్నాడు.

ఆమెకు బస్తాలు కనిపిస్తాయో లేదో. పైకి చూస్తూ మాట్లాడింది. "ఆయన్ని దిగమని ఎవరూ అడగొద్దు. ఆయన పని ఆయనది. అమ్మ పోయినప్పుడూ అడగలేదు." ఊపిరి తీసుకుంది. "మా ఇద్దరికీ మధ్య మిగిలింది ఈ మర్యాద ఒక్కటే. ఇది కూడా తీసేస్తే ఆయనెవరు, నేనెవరు?"

ఎవరికి చెప్పిందో తెలియదు. మొగుడి పేరు పెట్టి పిలవలేదు.

ఐదు నిమిషాలయ్యాయి. ఒక ముసలామె బస్తాల వైపు తిరిగి, "దిగు నాయనా," అంది మెల్లగా. సైలోసి తల వంచుకుని ఉన్నాడు. పెదాలు కదిలాయి. ప్రార్థన అనుకుని ఆమె ఊరుకుంది. అతను లెక్కపెడుతున్నాడు, మొండి రోగి ముందు కూర్చున్నప్పుడు ఊపిరులు లెక్కపెట్టడం అతని అలవాటు.

ఎనిమిదో నిమిషానికి అకెనేత కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తింది. ఆరుగురూ వచ్చి ఆమెను మళ్ళీ తలుపు మీదికి మార్చి, పలక మీదుగా ఒక్కొక్క అడుగే వేస్తూ దించారు. పౌలియాసి వెనకాలే దిగాడు. ఒక్కసారి తిరిగి బస్తాల వైపు చూశాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, బామ్మర్దిని తిట్టడం అతని హక్కు. తిట్టలేదు. మాకది తిట్టు కన్నా పెద్దది.

పలక లాగేశారు. అప్పుడు లేచి నిలబడ్డాడు సైలోసి. నీళ్ళు రెండు బారలు విడిపోయాయి. ఇరవయ్యో ఏట అంతకన్నా వెడల్పు దూకినవాడే. నిలబడే ఉన్నాడు. రెండు బారలు నాలుగయ్యాయి.

*

గండి దాటి, ఓడ దిబ్బల వెంబడే దక్షిణంగా తిరిగింది. ఊరు ఇంకా కనపడుతూనే ఉంది, ఇళ్ళ కప్పులు, చర్చి తెల్లగోడ. సైలోసి బస్తాల వెనక నుంచి బయటికి వచ్చాడు. ఇక దాక్కోవాల్సిన పని లేదు. జనం జరిగి చోటిచ్చారు, అవసరమైన దానికన్నా ఎక్కువే. అతను అలవాటుగా చుట్టూ చూశాడు. ఒక పసివాడి మోచేతికి గజ్జి. వాడి తల్లి చూపించబోయి, ఎందుకో చేతిని కట్టుగుడ్డలో దాచేసింది.

గంట గడిచిందో లేదో, ఒడ్డున కొయ్య మద్దెల మోగడం మొదలైంది. పెళ్ళికి ఒకలా మోగుతుంది, ప్రార్థనకు ఒకలా. ఇది ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బే. మగవాళ్ళు టోపీలు తీశారు. ఎవరు పోయారని ఎవరూ అడగలేదు.

తోడబుట్టిన మగమనిషి వచ్చి ఏడిస్తే గానీ మా ఊళ్ళో ఆడకూతురికి గుంట తవ్వరు. అకెనేతకు తోడబుట్టిన మగమనిషి ఒక్కడే మిగిలాడు. అతను ఓడ బల్ల మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని ముందు ఆమెను పడుకోబెట్టిన చాప ఉంది, తొందరలో వదిలేశారు. అంచుకు ఎర్ర ఉన్ని కుచ్చులు అల్లిన కొత్త చాప. మడమ ఆనిన చోట అరచేయంత తడి. ఇరవై మందిలో ఒక్కరూ దాన్ని తొక్కలేదు, మడవనూ లేదు. గాలికి ఒక మూల లేచి, మళ్ళీ పడుతోంది. ఆ తడి రంగూ వాసనా ఎన్ని గంటలవో సైలోసి ముక్కు లెక్క కట్టేసింది. అది ఆగమంటే ఆగదు.

ఇంజను దగ్గర పనిచేసేవాడు మెట్ల మీది నుంచి సగం పైకొచ్చి, మసిచేతులతో ఫిలిమొని చొక్కా లాగాడు.

"అన్నా, ఇక్కడ లంగరేసి చిన్న పడవ దించుదామా? ఈయన్ని ఒడ్డున దింపేసి వస్తా. అరగంట పని."

ఫిలిమొని చెవిమీది చుట్ట తీసి నోట్లో పెట్టుకున్నాడు. గొంతు తగ్గించలేదు.

"పలక వేసి ఉన్నప్పుడు దిగనోడు, పడవ దించితే దిగుతాడేంట్రా?"